ఫ్యాక్టరీ గోడ అవతల ఏముందో ఊరికి తెలియాలి

(మండల స్థాయి కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన తరగతుల్లో మామూలుగా మద్దతు ధర, కౌలు కార్డులు, పంటల బీమా, కాల్వ చివరి భూముల నీళ్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి రసాయన ఫ్యాక్టరీల భద్రత అనే అంశం పెట్టాం. "అది కార్మిక సంఘాల పని కదా, రైతు సంఘానికి ఎందుకు?" అని కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పుకుని ముందుకు పోదాం.

మన మండలంలో రెండు ఊళ్ల పొలిమేరలో ఉన్న పురుగుమందుల ముడి రసాయనాల ఫ్యాక్టరీ విస్తరణకు అర్జీ పెట్టుకుంది. వచ్చే నెలలో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరగబోతోంది. ఆ గోడను ఆనుకునే మన సభ్యుల వరి చేలు, మిరప తోటలు ఉన్నాయి. పశువులు అక్కడే మేస్తాయి. ఫ్యాక్టరీలో పనిచేసేవాడు షిఫ్టు అయిపోతే ఇంటికి పోతాడు. ఊరు మాత్రం ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంటుంది. అర్ధరాత్రి కరెంటు వచ్చిందని మోటారు దగ్గరికి పోయేది రైతే. గాలిలో ఏం కలిసినా మొదట పీల్చేది ఆ రైతే. అందుకే ఇది మన విషయం.

వెంకటాపురంలో ఏం జరిగింది?

2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతం. విశాఖపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురం. ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీలోని ఒక ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి ఊరి మీద పడింది. నిద్రలో ఉన్నవాళ్లు ఊపిరాడక బయటికి పరుగెత్తి వీధుల్లో కుప్పకూలారు. ప్రభుత్వ లెక్క ప్రకారం 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. గేదెలు, ఆవులు కట్టుకొయ్యల దగ్గరే చచ్చిపడ్డాయి. చెట్ల ఆకులు మాడిపోయాయి.

మరి ఇది ఉన్నట్టుండి వచ్చిపడ్డ ఉపద్రవమా? కాదు. రాష్ట్ర ప్రభుత్వం నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన ఉన్నతస్థాయి కమిటీ రెండు నెలల్లో, 2020 జులైలో నివేదిక ఇచ్చింది. అందులో తేలిన సంగతులు మనం ఒక్కొక్కటిగా అర్థం చేసుకోవాలి. ఎందుకంటే రేపు ఏ ఫ్యాక్టరీ దగ్గర ఏం అడగాలో అందులోనే ఉంది.

స్టైరీన్ అనేది ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం. దాన్ని చల్లగా ఉంచాలి. వేడెక్కితే తనలో తనే గట్టిపడడం మొదలుపెడుతుంది. గట్టిపడుతున్నకొద్దీ ఇంకా వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా వేగంగా గట్టిపడుతుంది. తడి గడ్డిని వామి వేస్తే లోపల ఎలా కాగుతుందో మనకు తెలుసు కదా, పైకి ఏమీ కనబడదు, చెయ్యి లోపల పెడితే చురుక్కుమంటుంది. అలాంటిదే ఇది, కాకపోతే వందల టన్నుల్లో. దాన్ని ఆపడానికి రెండు కట్టుబాట్లున్నాయి. ఒకటి, ఎప్పుడూ చల్లబరుస్తూ ఉండడం. రెండు, టీబీసీ అనే నిరోధక మందు తగిన మోతాదులో కలుపుతూ ఉండడం.

లాక్‌డౌన్ వల్ల ఉత్పత్తి ఆగింది. కానీ ట్యాంకులో సరుకు అలాగే ఉంది. చల్లబరిచే యంత్రాన్ని రేయింబవళ్లు నడపకుండా పగటిపూట మాత్రమే నడిపారు. నిరోధక మందు నిల్వ లేకుండా పోయింది. వేడి చూసే మీటరు ట్యాంకు అడుగునే ఉంది. అడుగున చల్లగా ఉంది కాబట్టి మీటరు అంతా బాగానే ఉందని చూపించింది. పైభాగం మరిగిపోతోంది. అంతకు కొన్ని నెలల ముందు ఆ ట్యాంకు పైపుల్లో చేసిన మార్పు వల్ల లోపలి ద్రవం సరిగా కలవకుండా పోయింది. ఇన్ని లోపాలూ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి.

అన్నిటికంటే మనసు కలచివేసే విషయం ఇంకొకటి. ఆ ఫ్యాక్టరీలో సైరన్ నొక్కడానికి 36 చోట్ల వీలుంది. ఒక్కచోట కూడా నొక్కలేదు. ఆ సైరన్ మోగి ఉంటే ఎందరు లేచేవాళ్లో, ఎందరు పక్కకు తప్పుకునేవాళ్లో ఆలోచించండి.

ఇంకొక సంగతి. ఆ కంపెనీ తాను చేస్తున్న ఉత్పత్తికి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తన దగ్గర లేదని 2019 మేలో అఫిడవిట్ ఇచ్చింది. అంటే ప్రమాదానికి ఏడాది ముందే ప్రభుత్వ ఫైల్లో ఆ మాట ఉంది. ఫైలు ఉంది, సంతకాలున్నాయి, ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది.

భోపాల్ విషం ఎవరి కోసం తయారైంది?

1984 డిసెంబర్ 2 రాత్రి తెల్లవారితే 3. భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి దాదాపు 40 టన్నుల విషవాయువు వెలువడింది. వేల మంది చనిపోయారు. లక్షల మంది జీవితాంతం రోగాలతో బతికారు. ఇది అందరికీ తెలిసిందే. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ ఫ్యాక్టరీ చేసింది కార్బరిల్ అనే పురుగుమందు. సెవిన్ పేరుతో అమ్మేవాళ్లు. మన చేలలో పురుగు కోసం తయారుచేస్తున్న మందు అది. మనం కొనే డబ్బా వెనుక అలాంటి ఫ్యాక్టరీ ఒకటి ఉంటుంది, దాని పక్కన ఒక బస్తీ ఉంటుంది.

అక్కడ కూడా మిథైల్ ఐసోసైనేట్ అనే ఆ రసాయనాన్ని చల్లగా ఉంచాలి. ఖర్చు తగ్గించుకోవడానికి చల్లబరిచే యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. లీకైన వాయువును కాల్చేసే గొట్టం మరమ్మతులో ఉంది. వాయువును కడిగే యంత్రం సిద్ధంగా లేదు. ట్యాంకులోకి నీళ్లు చేరాయి, వేడి పుట్టింది. ఊరి కోసం మోగాల్సిన సైరన్ సమయానికి మోగలేదు.

భోపాల్‌కీ వెంకటాపురానికీ మధ్య 36 ఏళ్లు. చల్లబరిచే యంత్రం ఆగింది, సైరన్ మోగలేదు. రెండు చోట్లా అదే కథ. భోపాల్ తర్వాత దేశంలో చట్టాలు వచ్చాయి, నియమాలు వచ్చాయి, కమిటీలు వచ్చాయి. అవన్నీ వచ్చాక కూడా అదే జరిగిందంటే లోపం చట్టం లేకపోవడంలో లేదు. ఉన్న చట్టం ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి పోకపోవడంలో ఉంది.

హెల్మెట్ వేరు, గట్టు వేరు

ఫ్యాక్టరీవాళ్లను భద్రత గురించి అడిగితే హెల్మెట్లు, బూట్లు, గోడల మీద బోర్డులు చూపిస్తారు. అవి కావాల్సినవే. కానీ అవి కార్మికుడు జారిపడకుండా, దెబ్బ తగలకుండా చూసే భద్రత. ట్యాంకు పేలకుండా, వాయువు బయటికి రాకుండా చూసేది ఇంకొకటి. దాన్ని ప్రాసెస్ సేఫ్టీ అంటారు. అంటే ఆ రసాయనం ఏ వేడిలో ఉండాలి, ఎంత ఒత్తిడి తట్టుకుంటుంది, కరెంటు పోతే ఏమవుతుంది, ఒక వాల్వు బిగుసుకుపోతే రెండోది పనిచేస్తుందా, ఇవన్నీ ముందే లెక్కగట్టి, ఒకటి తప్పితే ఇంకొకటి ఆదుకునేలా ఏర్పాటు చేయడం.

మన భాషలో చెప్పుకుందాం. కాల్వ గట్టుకు గండి పడేది వరద వచ్చిన రోజున. కానీ గట్టు బలహీనపడింది ఆరోజు కాదు, ఎలుక బొరియ చేసిన రోజున. ఆ బొరియను చూసి మట్టి కొట్టినవాడు ఊరిని కాపాడినట్టు. చూసి కూడా పోయినవాడు గండి కొట్టినట్టే. ఫ్యాక్టరీలో కూడా అంతే. పాడైన మీటరు, ఆపేసిన అలారం, తుప్పుపట్టిన పైపు, రాకుండాపోయిన మందు, ఇవే ఎలుక బొరియలు. ప్రాసెస్ సేఫ్టీ అంటే రోజూ గట్టు మీద నడిచి బొరియలు వెతకడం.

బొరియలు పూడ్చని చోట ఏమవుతుందో ఈ మధ్య కాలంలోనే మళ్లీ మళ్లీ చూశాం. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరంలో గెయిల్ గ్యాస్ పైపులైను పగిలి మంటలు లేచాయి. 20 మందికి పైగా చనిపోయారు, ఇళ్లూ కొబ్బరి చెట్లూ కాలిపోయాయి. 2022 ఏప్రిల్ 13 రాత్రి ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెంలో పోరస్ లేబొరేటరీస్‌లో ప్రమాదం జరిగి ఆరుగురు చనిపోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫ్యాక్టరీలో సాల్వెంట్ లీకై, ఆవిరి అంటుకుని పేలి 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అక్కడ చేసేది విషం కాదు, మాత్రల్లో కలిపే తెల్లటి పొడి. సన్నటి పొడి గాలిలో లేచి నిప్పు తగిలితే అది కూడా బాంబులా పేలుతుంది. ఈ మాట పిండి మిల్లుల దగ్గర, జిన్నింగ్ మిల్లుల దగ్గర పనిచేసేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఈ ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో చాలామంది కాంట్రాక్టు కూలీలు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. వాళ్లూ రైతు బిడ్డలే. ఆ ఊళ్లలో సేద్యం గిట్టక ఇక్కడికి వచ్చారు. మన పిల్లలు కూడా డిప్లొమా చదివి ఇవే ఫ్యాక్టరీలకు పోతున్నారు. అందుకే మన సంఘం కార్మికుడిని ఒకవైపు, రైతును ఒకవైపు నిలబెట్టే మాట మాట్లాడదు. లోపల మనిషి క్షేమంగా ఉంటేనే బయట ఊరు క్షేమంగా ఉంటుంది.

చట్టం మనకేం ఇచ్చింది?

మనకు చట్టాలు తెలియవని అధికారులు అనుకుంటారు. తెలిసినవాడు అడిగితే జవాబు వేరే రకంగా వస్తుంది. కాబట్టి ముఖ్యమైనవి చెప్పుకుందాం. రాసుకోగలిగినవాళ్లు రాసుకోండి.

ఒకటి. 1987లో ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర పరిశ్రమల కోసం కొత్త అధ్యాయం చేర్చారు. అందులోని 41బి సెక్షన్ ప్రకారం ప్రమాదాలేమిటో, వచ్చినప్పుడు ఏం చేయాలో కార్మికులకూ అధికారులకూ మాత్రమే కాదు, చుట్టుపక్కల ప్రజలకు కూడా యాజమాన్యం చెప్పి తీరాల్సి ఉండేది. 41హెచ్ ప్రకారం ప్రాణాపాయం ఉందనిపిస్తే దాన్ని ఎత్తిచూపే హక్కు కార్మికుడికి ఉండేది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025లో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో కూడా ఈ బాధ్యతలను కొనసాగించారు.

రెండు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు. నిర్ణీత పరిమాణానికి మించి ప్రమాదకర రసాయనం ఉన్న ఫ్యాక్టరీ లోపలి అత్యవసర ప్రణాళిక తయారుచేసుకోవాలి, ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి. ఫ్యాక్టరీ బయట, అంటే మన ఊళ్ల కోసం, జిల్లా యంత్రాంగం ఇంకొక ప్రణాళిక తయారుచేయాలి, ఏడాదికోసారైనా దాన్ని ఆచరణలో పెట్టి చూడాలి. 15వ నియమం ప్రకారం ప్రమాదం జరిగితే నష్టపోయే అవకాశం ఉన్న ప్రజలకు ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందుగానే తెలియజేయాలి. మీ ఊళ్లో ఇలాంటి డ్రిల్లు ఎప్పుడైనా చూశారా? కరపత్రమైనా ఎవరైనా ఇచ్చారా? ఇంతమందిలో ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అదే మన మొదటి అర్జీ.

మూడు. 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాలు. రాష్ట్ర, జిల్లా, స్థానిక స్థాయుల్లో సంక్షోభ బృందాలు ఉండాలి. స్థానిక బృందంలో అధికారులే కాదు, సర్పంచ్ లాంటి ఊరి పెద్దలకు, డాక్టర్లకు, సామాజిక కార్యకర్తలకు చోటుంది. అది నెలకోసారి సమావేశం కావాలి. మన ప్రాంతంలో ఆ బృందం ఉందా, అందులో ఏ ఊరి సర్పంచ్ ఉన్నారు, చివరి సమావేశం ఎప్పుడు జరిగింది అని ఆర్డీవోను రాతపూర్వకంగా అడుగుదాం.

నాలుగు. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం. ప్రమాదకర పదార్థాలు వాడే ప్రతి యజమాని బీమా తీసుకోవాలి. ప్రమాదం జరిగితే బాధితులు యాజమాన్యం తప్పును రుజువు చేయనక్కర్లేదు, కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టుకుంటే తక్షణ సాయం రావాలి. దరఖాస్తుకు అయిదేళ్ల గడువుంది. అయితే ఆ చట్టం వచ్చినప్పుడు షెడ్యూల్లో రాసింది ఎంతో తెలుసా? ప్రాణానికి 25,000 రూపాయలు. ఆస్తి నష్టానికి 6,000 రూపాయల వరకు. ఆరువేలకు ఒక పాడిగేదె వస్తుందా? ఒక ఎకరం మిరప పెట్టుబడి వస్తుందా? ఇది తక్షణ సాయం మాత్రమేనని, మిగతా పరిహారం అడిగే హక్కు పోదని కూడా చట్టంలోనే ఉంది. ఆ రెండో మాట మనం మర్చిపోకూడదు.

అయిదు. 1985 డిసెంబర్‌లో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకైంది. ఆ కేసులో 1986 డిసెంబర్ తీర్పులో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. ప్రమాదకరమైన పని చేసి లాభం గడించేవాడు, దానివల్ల నష్టం జరిగితే సంపూర్ణ బాధ్యత వహించాలి. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నామని చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు. కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలి. మన రైతులకు ఇది కొత్త కాదు. పటాన్‌చెరు ప్రాంతంలో ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు పాడైపోతే ఆ వాగు కింది రైతులు సుప్రీంకోర్టు దాకా పోరాడి పంట నష్టపరిహారం తెచ్చుకున్నారు. ఏళ్లు పట్టింది. కానీ తెచ్చుకున్నారు.

సభలో ఏం అడుగుదాం?

ఇప్పుడు మన ముందున్న పనికి వద్దాం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఈ ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు రావాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి, కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పరిశ్రమల కేంద్రంలో చూసుకోవడానికి పెట్టాలి. సభను వీడియో తీయాలి. సభ చివర మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి.

ఇక్కడ ఒక కిటుకుంది. ఈ సభకు కోరం లేదు. ఇంతమంది వస్తేనే సభ అన్న నియమం లేదు. పదిమంది వచ్చి భోజనం చేసి పోయినా సభ జరిగినట్టే. "ఎవరూ అభ్యంతరం చెప్పలేదు" అని రాసుకుంటారు. అలాగే కుర్చీలు విసిరి, టెంటు పీకి సభను చెడగొడితే మన ప్రశ్నలు రికార్డులో ఉండవు, మన పిల్లల మీద కేసులు మాత్రం ఉంటాయి. కాబట్టి సంఘం నిర్ణయం ఇది. అందరం పోదాం. కాగితం మీద రాసుకుని పోదాం. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న అడుగుదాం. రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకుందాం. మినిట్స్ చదివేటప్పుడు మన ప్రశ్న అందులో ఉందో లేదో విని, లేకపోతే అక్కడే నిలబడి రాయించుకుందాం.

అడగాల్సినవి ఏడు.

మొదటిది, ఏయే రసాయనాలు, ఒకేసారి గరిష్ఠంగా ఎంత నిల్వ ఉంటాయి? విస్తరణ తర్వాత ఎంత అవుతాయి?

రెండోది, పెద్ద లీకు జరిగితే ఎంత దూరం పోతుంది? నివేదికలో గుండ్రాలు గీసి కిలోమీటర్లు రాస్తారు. మనకు ఊరి పేర్లతో, సర్వే నంబర్లతో, బడి, అంగన్‌వాడీ, పశువుల ఆసుపత్రి గుర్తులతో కావాలి.

మూడోది, కరెంటు పోతే ఏమిటి? ఫ్యాక్టరీ మూతపడితే ఏమిటి? నడిచే ఫ్యాక్టరీ కంటే సరుకుతో మూతపడ్డ ఫ్యాక్టరీ ఎంత ప్రమాదమో వెంకటాపురం చూపించింది. సమ్మె వచ్చినా, తుపాను వచ్చినా, దివాలా తీసినా ట్యాంకులను ఎవరు చూస్తారు?

నాలుగోది, సైరన్ ఎక్కడుంది, ఎన్ని ఊళ్లకు వినిపిస్తుంది, దాన్ని నొక్కే అధికారం ఎవరికుంది? రాత్రి షిఫ్టులో ఉన్న మామూలు ఆపరేటర్ పైవాళ్లకు ఫోన్ చేయకుండానే నొక్కవచ్చా? గత రెండేళ్లలో డ్రిల్లులు ఏయే తేదీల్లో జరిగాయి?

అయిదోది, ఇప్పటిదాకా జరిగిన తనిఖీల్లో చెప్పిన లోపాలు ఎన్ని, సరిచేసినవి ఎన్ని? పర్యావరణ అనుమతి షరతులు ఎలా అమలవుతున్నాయో ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న కంపెనీ నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలు బయట పెట్టాలి. పాత షరతులు నెరవేర్చకుండా కొత్త విస్తరణ ఎలా అడుగుతారు?

ఆరోది, లోపల ఎంతమంది కాంట్రాక్టు కూలీలు? వాళ్లకు హిందీలో, ఒడియాలో, వాళ్లకు అర్థమయ్యే భాషలో శిక్షణ ఇస్తున్నారా? వెల్డింగ్ లాంటి నిప్పు పని మొదలుపెట్టే ముందు అక్కడ మండే ఆవిరి లేదని ఎవరు చూసి సంతకం పెడతారు?

ఏడోది, బీమా పాలసీ ఎంతకు ఉంది? పంటకు, పశువుకు, బావి నీటికి నష్టం లెక్క ఎలా కడతారు? మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ రసాయనాలకు వైద్యం, ఆక్సిజన్ సిద్ధంగా ఉన్నాయా?

సభకు ముందే సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి, ఫ్యాక్టరీల శాఖకు, కలెక్టరేట్‌కు మూడు దరఖాస్తులు వేద్దాం. 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు నమూనా మండల కమిటీ దగ్గర ఉంది.

ఇంకొక మాట సర్పంచులకు. ఫ్యాక్టరీ చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్నాయి. సేద్యం గిట్టక మనవాళ్లే అమ్ముకుంటున్నారు, అందులో తప్పు పట్టేది లేదు. కానీ వాయువు పోయే దూరంలో కొత్త లేఅవుట్లకు, హాస్టళ్లకు, బళ్లకు అనుమతి ఇచ్చేముందు ఆ ప్రమాద మ్యాపు తెప్పించుకుని చూడండి.

మన గోదాముల సంగతి

2013 ఏప్రిల్ 17న అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని వెస్ట్ అనే చిన్న ఊళ్లో ఒక గోదాము పేలిపోయింది. అది పెద్ద కంపెనీ కాదు. చుట్టుపక్కల రైతులకు ఎరువులు, విత్తనాలు అమ్మే కొట్టు. అందులో అమ్మోనియం నైట్రేట్‌ను చెక్క అరల్లో పోసి ఉంచారు. ముందు నిప్పు అంటుకుంది. ఆర్పడానికి ఊరి యువకులు పరుగెత్తారు. కాసేపటికి అంతా పేలింది. 15 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మంటలార్పడానికి పోయినవాళ్లే. పక్కనే ఉన్న బడి, వృద్ధాశ్రమం, ఇళ్లు దెబ్బతిన్నాయి.

మనం వాడే యూరియా అలా పేలదు, భయపడక్కర్లేదు. కానీ ఎరువుల గోదాములో పురుగుమందులు, డీజిల్ డబ్బాలు, గోనె సంచులు కలిపి పెట్టడం మంచిది కాదు. మిరప కోల్డ్ స్టోరేజీల్లో చల్లదనానికి అమ్మోనియా వాడతారు. అది కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీసే వాయువు. మన సరుకు అక్కడ ఉంది, మన హమాలీలు అక్కడ ఉన్నారు. లీకైతే మూసే వాల్వు ఎక్కడుందో రాత్రి కాపలా మనిషికి తెలుసా, మాస్కులున్నాయా అని సరుకు పెట్టిన రైతులుగా అడిగే హక్కు మనకుంది. ఫ్యాక్టరీని అడిగే ప్రశ్న మన సొసైటీ గోదామును కూడా అడిగితేనే మన మాటకు విలువ.

వాయువు లీకైతే

ఇది ప్రతి ఇంట్లో చెప్పాలి. గాలి ఎటు వీస్తోందో చూడండి. పొగ, చెట్ల కొమ్మలు, కండువా అంచు చూస్తే తెలుస్తుంది. వాయువు వచ్చే దిక్కుకు ఎదురు పోవద్దు. గాలి పోయే దారి వెంట కూడా పరుగెత్తవద్దు. గాలికి అడ్డంగా పక్కకు పోవాలి. స్టైరీన్, క్లోరిన్ లాంటివి గాలికంటే బరువైనవి, పల్లంలో చేరతాయి. కాబట్టి కాల్వల్లోకి, గుంతల్లోకి, వాగుల్లోకి దిగవద్దు, మెరక వైపు పోవాలి. తడి గుడ్డ ముక్కుకు, నోటికి కట్టుకోవాలి. దారి దొరకకపోతే ఇంట్లో ఉండి తలుపులు, కిటికీలు మూసి సందుల్లో తడి గుడ్డలు పెట్టాలి. పొయ్యి, బీడీ, మోటారు స్విచ్చు ముట్టుకోవద్దు. ఎవరైనా పడిపోయి ఉంటే ఆత్రంగా లోపలికి పోయి మరొకరు పడిపోవద్దు, అగ్నిమాపక సిబ్బందికి ఎక్కడున్నారో చెప్పాలి. పశువుల పలుపులు విప్పే వ్యవధి ఉంటే విప్పండి. లేకపోతే ముందు మనుషులు. తర్వాత అధికారులు పరీక్ష చేసి చెప్పేదాకా ఆ గడ్డి, పాలు, కూరగాయలు, బావి నీళ్లు వాడవద్దు. చచ్చిన పశువుకు పంచనామా, పంటకు ఫొటోలు, తేదీ, సర్వే నంబరు, అన్నీ రాసి ఉంచండి. పరిహారం అడిగేరోజు అవే మన సాక్షులు.

చివరగా ఒక మాట. "మీరు పరిశ్రమలకు వ్యతిరేకులు, ఉద్యోగాలు పోగొడుతున్నారు" అని మనల్ని అంటారు. అంటున్నారు కూడా. ఆ ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాళ్లలో సగం మంది మన ఊళ్ల వాళ్లే. వాళ్ల జీతంతోనే చాలా ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. మనం అడుగుతున్నది మూసేయమని కాదు. చట్టంలో రాసింది చేసి చూపించమని. చేయగలిగితే నడుపుకోండి. చేయలేకపోతే విస్తరణ అడగవద్దు. ఉన్నదాన్ని సరిచేసుకోకుండా పెంచుకోవడం సేద్యంలోనే కుదరదు, విషపు ట్యాంకుల దగ్గర ఎలా కుదురుతుంది?

ఉద్యోగం కావాలా, ప్రాణం కావాలా అని మనల్ని ఎన్నుకోమంటున్నారు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఎవరికీ లేదు. రెండూ కావాలి. వెంకటాపురంలో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి ప్రభుత్వం కోటి రూపాయలు ఇచ్చింది. ఇవ్వాల్సిందే. కానీ చల్లబరిచే యంత్రానికి రాత్రిపూట అయ్యే కరెంటు ఖర్చుతో, ఒక మందు డ్రమ్ము ఖర్చుతో, ఒక సైరన్ బటన్ నొక్కడంతో ఆ ప్రాణాలు నిలబడేవి.

సభ తేదీ రాగానే గ్రామ కమిటీలు దండోరా వేయించాలి. ఊరికి కనీసం ఏడుగురు, ఏడు ప్రశ్నలతో సిద్ధం కావాలి. ఆడవాళ్లు తప్పకుండా రావాలి, పాలు పితికేదీ, పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తాల్సిందీ వాళ్లే. సభకు ముందు ఆదివారం ప్రతి ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చుని ఈ ప్రశ్నలు ఒకసారి చదువుకుందాం. ఎవరు ఏది అడగాలో పేర్లు రాసి మండల కమిటీకి పంపండి.

సెలవు.